చెంచు విల్లు

చెంచు విల్లు నల్లమల అడవుల్లో చెంచు గిరిజనులు వేటకు వాడిన వెదురు ధనుస్సు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమిపై దుప్పి, కణితి వేటకు ఇదే సంప్రదాయ ఆయుధం. బద్ద వెదురుది, బాణానికి ముందు ఇనుప ములికి, వెనుక ఈకలు. పొదలు దట్టంగా ఉన్నచోట జంతువు బాగా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. కాబట్టి దూరం కొట్టే శక్తి కన్నా తేలికదనం, చప్పుడు లేకపోవడం, చటుక్కున గురిపెట్టే వీలు ముఖ్యం. అమెరికా అడవుల్లో జింకల వేటకు 1894 నమూనా వించెస్టర్ లీవర్ రైఫిల్ ఆదరణ పొందడానికీ దాదాపు ఇవే కారణాలు: పొట్టిదనం, వెంటవెంటనే పేల్చే సౌలభ్యం. తుపాకీ మోతకు మాత్రం చుట్టుపక్కల జంతువులన్నీ బెదురుతాయి.

చెంచులపై మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథం ప్రకారం వారి ఆహారంలో మాంసం కన్నా అడవి దుంపలు, పండ్ల వాటాయే ఎక్కువ. వారిని కేవలం వేటగాళ్లుగా చూపే వర్ణనలు ఈ సంగతిని విస్మరిస్తాయి. నిజాం పాలనలో ఇక్కడి ఫర్హాబాద్ పాలకవర్గపు తుపాకీ వేటకు విడిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ కింద వేట నిషిద్ధం. రాష్ట్ర విభజన తరువాత ఈ ప్రాంతం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది.