మట్టి మిద్దె, జింకు రేకు

కర్నూలు, కడప పల్లెల్లో మన పెద్దలు మిద్దె కట్టిన తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. దూలాలు, వాటిపై దంతెలు, దంతెలపై నాపబండలో బోదో పరచి, ఆపైన మందంగా మట్టి, అన్నిటికీ మీద చౌడు. పైరుకు శత్రువైన ఆ చౌడే మిద్దెకు చుట్టం! అందులోని సోడియం లవణాల వల్ల మట్టి తడవగానే రేణువులు విడిపోయి సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి, నీరు దిగదు. ఎండ వేడి ఆ మందం దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. రాత్రి లోపల ఉక్కపోస్తే మిద్దెపైన పడక ఉండనే ఉంది. వాన పడినా చప్పుడుండదు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు తోలాలి, అదొక్కటే బెడద.

ఆ బెడద పడలేకే చాలామంది రేకులకు మళ్లారు. ముడతల రేకుకు 1829లో లండనులో హెన్రీ పామర్ పేటెంటు పొందాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకు జింకు పూత పట్టించాడు. రేకు తేలికే. కాని పలుచన గనుక ఎండకు పెనమవుతుంది, వానకు డప్పవుతుంది.

రేకుపైనే చౌడు పోయిస్తామంటారు కొందరు. వద్దండీ! ఆ బరువుకు వాసాలు ఆగవు, ఉప్పు జింకును తినేస్తుంది. రేకుకు జానెడు కింద వెదురు తడికె కట్టి, సందులు లేకుండా పేడమట్టి మెత్తండి, చప్పుడు తగ్గుతుంది. ఎగువ, దిగువ అంచుల్లో గాలికి దారి విడవండి. వేడిగాలి పైదారిన పోతుంది. రేకు పైన తెల్లరంగు వేయిస్తే మరీ మేలు. పొయ్యి ఉన్న వైపు మాత్రం తడికె కట్టకండి.