ప్రొటెజె (ఆంటాలజీ ఎడిటర్)

ప్రొటెజె అనునది ఆంటాలజీలను నిర్మించుటకు, సవరించుటకు, వాటిలోని తార్కిక దోషాలను పరీక్షించుటకు ఉపయోగపడే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందు వైద్య సమాచార శాస్త్ర పరిశోధకులు దీనిని అభివృద్ధి చేసిరి. ఇది జావా భాషలో వ్రాయబడినది. వైద్య పదకోశాల నిర్మాణంలో దీని వాడుక ఎక్కువ. కంప్యూటరు వ్యవస్థలలో ఎవరు ఏ సమాచారాన్ని చూడవచ్చునో నిర్ణయించే భద్రతా విధానాలకు కావలసిన పదజాలాన్ని కూడా దీనితో నిర్మించవచ్చును.

ఆంటాలజీ అనగానేమి?

తత్వశాస్త్రంలో ఆంటాలజీ అనగా ఉనికిని గురించిన విచారణ. లోకంలోని సమస్తాన్ని కొన్ని పదార్థాలుగా విభజించుట మన తర్కశాస్త్రానికి కొత్త కాదు. అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ద్రవ్యము మొదలు అభావము వరకు ఏడు పదార్థాలను చెప్పెను. కంప్యూటరు శాస్త్రంలో ఈ మాటకు అర్థం కొంత పరిమితమైనది. ఒక రంగంలోని భావనలను, వాటి మధ్య సంబంధాలను యంత్రం చదవగలిగేటట్లు స్పష్టంగా నిర్దేశించినదే ఆంటాలజీ అని టామ్ గ్రూబర్ 1993లో ఇచ్చిన నిర్వచనం యొక్క సారాంశము.

ఇందులో ముఖ్యంగా మూడు అంశాలుంటాయి.

* వర్గాలు - ఉదాహరణకు వైద్యుడు, రోగి, వైద్య రికార్డు
* సంబంధాలు - ఉదాహరణకు చికిత్స చేయుట, చదువుట
* వ్యక్తులు - ఆయా వర్గాలకు చెందిన నిర్దిష్టమైన మనుషులు లేక వస్తువులు

చరిత్ర

మొదటి ప్రొటెజెను 1987లో మార్క్ మ్యూసెన్ తన డాక్టరేట్ పరిశోధనలో భాగంగా స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించెను. ఆ కాలంలో అక్కడ ఆంకోసిన్ అనే వ్యవస్థ క్యాన్సర్ రోగుల చికిత్స విషయంలో వైద్యులకు సలహాలిచ్చేది. దానికి కొత్త చికిత్సా ప్రణాళికలను అందించుటకు ఓపల్ అనే ఉపకరణం ఉండేది. కానీ ఓపల్ క్యాన్సర్ చికిత్సకు మాత్రమే పనికివచ్చేది. మరొక వైద్య రంగానికి అటువంటిది కావలెనన్న మరల మొదటి నుండి వ్రాయవలసిందే. ఈ ఇబ్బందిని తొలగించుటకు, ఉపకరణాలను తయారుచేసే ఉపకరణంగా ప్రొటెజె పుట్టింది.

తరువాత ఇది జావాలో తిరిగి వ్రాయబడి ప్రొటెజె-2000 అను పేరుతో వెలువడింది. 2004 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఔల్ అనే ఆంటాలజీ భాషను ప్రమాణంగా సిఫారసు చేసింది. ఔల్ 2 అనే కొత్త రూపం 2009 అక్టోబరు 27న వచ్చింది. ఔల్ 2ను ఆధారం చేసుకొన్న ప్రొటెజె 4 నిర్మాణంలో ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయము కూడా పాలుపంచుకొన్నది. బ్రౌజరులోనే పలువురు కలిసి పనిచేయుటకు వెబ్‌ప్రొటెజె అనే రూపం కలదు.

పనిచేయు విధానం

ప్రొటెజె కిటికీలో ఒక వైపు వర్గాల వృక్షం, మరొక వైపు ఎంచుకొన్న వర్గం యొక్క వివరణ కనిపిస్తాయి. ప్రతి వర్గానికి వేర్వేరు భాషలలో పేర్లు వ్రాసుకొనవచ్చును. తెలుగు పేర్లు కూడా ఇవ్వవచ్చును.

ఇది కేవలం పట్టిక వ్రాసుకొనే సాధనం కాదు. హెర్మిట్, పెల్లెట్, ఫ్యాక్ట్ ప్లస్ ప్లస్ వంటి రీజనర్‌లను దీనికి జతచేయవచ్చును. మనం వ్రాసిన వాక్యాల నుండి తార్కికంగా ఏమేమి సిద్ధిస్తాయో రీజనర్ లెక్కకట్టి చెబుతుంది. ఉదాహరణకు ఒక ఆసుపత్రికి ఆంటాలజీ వ్రాస్తూ, "రోగి", "సిబ్బంది" అనే వర్గాలకు ఉమ్మడి సభ్యులు ఉండరని ప్రకటించామనుకొందాం. కొంతకాలానికి మరొకరు "చికిత్స పొందుతున్న ఉద్యోగి" అనే వర్గాన్ని ఆ రెండింటి క్రింద చేర్చితే, అట్టి వర్గంలో ఎవరూ ఉండుటకు వీలులేదని రీజనర్ గుర్తిస్తుంది. ప్రొటెజె దానిని ఎర్రని అక్షరాలలో చూపుతుంది. ఏయే వాక్యాల వలన ఈ విరోధం వచ్చిందో కూడా తెలుసుకొనవచ్చును. నర్సుకు కూడా జబ్బు చేయవచ్చును గనుక, ఇక్కడ తప్పు కొత్త వర్గానిది కాదు, మొదటి ప్రకటనది. ఆ సంగతి మాత్రం మనిషే నిర్ణయించాలి.

చెప్పనిది లేనట్లు కాదు

ఔల్ భాషలో ఒక విషయం చెప్పబడలేదు గనుక అది అబద్ధమని భావించుటకు వీలులేదు. మాంచెస్టర్‌లో తయారైన పిజ్జా ఆంటాలజీ పాఠం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మార్గరీటా పిజ్జాపై చీజ్, టమాటా ఉన్నాయని వ్రాసినంత మాత్రాన అది శాకాహారమని రీజనర్ అంగీకరించదు. దానిపై మాంసం కూడా ఉండవచ్చును కదా! "ఈ రెండు తప్ప మరేమీ లేవు" అని విడిగా వ్రాసిన పిమ్మటనే ఒప్పుకొంటుంది.

భద్రతా విధానాలలో ఈ సూత్రం చాలా ముఖ్యమైనది. ఒక వ్యక్తి ఆసుపత్రి ఉద్యోగి అని ఎక్కడా వ్రాయలేదనుకొందాం. అంతమాత్రాన ఆమె ఉద్యోగి కాదని ఆంటాలజీ చెప్పదు. కనుక "స్పష్టమైన అనుమతి లేనిచో నిరాకరించవలెను" అనే నియమాన్ని ఆంటాలజీకి వెలుపల, అనుమతులను అమలుచేసే వ్యవస్థలో పెట్టుకొనవలెను.

భద్రతా విధానాల సాధనాలు

భద్రతా విధానాలను ఆంటాలజీల ఆధారంగా వ్రాసే వ్యవస్థలలో కేయోస్, రేయి పేర్కొనదగినవి. కేయోస్‌ను ఫ్లోరిడాలోని మానవ, యంత్ర ప్రజ్ఞా సంస్థ అభివృద్ధి చేసింది. ఇందులో విధానాలు ఔల్ రూపంలో నిలువ చేయబడతాయి. అయితే కేప్యాట్ అనే ఉపకరణం ద్వారా ఔల్ తెలియని నిర్వాహకులు కూడా వాటిని వ్రాయవచ్చును. రేయిని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో లలనా కాగల్ రూపొందించెను. హక్కు, నిషేధము, విధి, మినహాయింపు అనేవి ఇందులోని మూల భావనలు.

ఈ పద్ధతి యొక్క ప్రయోజనాన్ని క్రింది రెండు నియమాల ద్వారా గ్రహించవచ్చును.

* వైద్యులందరూ రోగుల రికార్డులను చదవవచ్చును.
* శిక్షణలో ఉన్నవారెవ్వరూ మానసిక చికిత్స రికార్డులను చదవరాదు.

విడివిడిగా చదివితే రెండూ సబబైనవే. కానీ శిక్షణ వైద్యుడు కూడా వైద్యుడే. మానసిక చికిత్స రికార్డు కూడా రోగి రికార్డే. కనుక శిక్షణ వైద్యునికి ఒకేసారి అనుమతి, నిషేధము రెండూ వర్తిస్తాయి. నియమాల సంఖ్య వందలకు చేరినప్పుడు ఇట్టి వైరుధ్యాలు కంటికి ఆనవు. వర్గాల వృక్షం ఉన్నచో యంత్రమే వాటిని పట్టుకొనగలదు. కేయోస్ ఇటువంటి ఘర్షణను అమలుకు ముందే కనుగొని, నియమాలకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని బట్టి సరిచేస్తుంది. ఏ నియమానికి ప్రాధాన్యమివ్వాలో నిర్ణయించవలసినది నిర్వాహకులు.

ఓయాసిస్ సంస్థ ప్రమాణమైన ఎక్స్‌ఏసీఎంఎల్ మరొక మార్గం. దీని మొదటి రూపం 2003లో, మూడవ రూపం 2013లో ఆమోదం పొందాయి. ఇది ఆంటాలజీ భాష కాదు. నియమాలు ఘర్షించినప్పుడు నిషేధమే నెగ్గునట్లు, లేదా అనుమతియే నెగ్గునట్లు ముందుగానే ఎంచుకొనే ఏర్పాటు ఇందులో కలదు.

వాడుక

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వారి పదకోశము ప్రొటెజె సాయంతో సవరించబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యొక్క వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు తయారీలో వెబ్‌ప్రొటెజెపై ఆధారపడిన ఉపకరణాన్ని వాడారు. ఈ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

పరిమితులు

ప్రొటెజె భద్రతా విధానాలను అమలుచేయదు. వాటికి కావలసిన పదాల అర్థాలను మాత్రమే నిర్వచిస్తుంది. రీజనర్ కూడా మన వాక్యాలు పరస్పరం పొసగుతున్నవా లేదా అన్నదే చెప్పగలదు. అవి లోకంలో నిజమా కాదా అన్నది చెప్పలేదు. దోషం లేని తర్కంతో తప్పు నిర్వచనాన్ని కూడా వ్రాయవచ్చును. కనుక రోగి వివరాల వంటి సున్నితమైన సమాచారం విషయంలో, ఆ రంగం తెలిసినవారు నిర్వచనాలను స్వయంగా చదివి సరిచూచుట తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

* సెమాంటిక్ వెబ్
* తర్కశాస్త్రం
* కృత్రిమ మేధస్సు
* కంప్యూటరు భద్రత