వర్క్‌షాపు మాస్టారికి శాలువా

శామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. ఇటు రండి, వర్క్‌షాపు గోడవార నిలబడితే వేదిక బాగా కనిపిస్తుంది. కాళ్ళ కింద చూసుకోండి, రాత్రి వానకి నేలంతా చిత్తడిగా ఉంది. సివిల్ పిల్లలు ఇటుకలు పరిచి దారి చేశారు. తాడు కట్టి సరిచూసుకున్నట్టు వరస తిన్నగా ఉంది.

సెప్టెంబర్ 15. గోదావరి వైపు ఒక గవర్నమెంటు పాలిటెక్నిక్. వేదిక మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఫొటోకి బంతిపూల దండ వేశారు. ఆయన పుట్టినరోజు ఇంజనీర్స్ డే కాబట్టి బహుమతులు కూడా ఆరోజే ఇస్తారిక్కడ. ప్రిన్సిపాల్‌గారు మైకు ముందున్నారు. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేశాక, వరద మళ్ళీ ఊరి మీద పడకుండా విశ్వేశ్వరయ్యగారు వేసిన పథకం గురించి చెబుతున్నారు. పైన రిజర్వాయర్లు కట్టి నీటిని ఆపాలన్న ఆ ఆలోచనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయింది. ముందు వరసల్లో కూర్చున్న ఫస్టియర్ పిల్లలు మెడలు చాచి వింటున్నారు. వాళ్ళు పదో తరగతి పాసై, పాలిసెట్ రాసి, నిన్నమొన్ననే వచ్చి చేరారు. కొందరికి మీసకట్టు కూడా రాలేదు.

పేర్లు పిలిచేలోగా ఇలా షెడ్డు తలుపు దగ్గరికి రండి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పిల్లలు వర్క్‌షాపులో చేసిన ముక్కలు, ఇక్కడి మాటలో జాబులు, పేర్చారు. కార్పెంటరీ వాళ్ళ డవ్‌టెయిల్ జాయింటు ఉంది, వెల్డింగ్ వాళ్ళ లాప్ జాయింటు ఉంది. ఈ చివర ఉన్నది వీ-ఫిట్టింగ్. చేతిలోకి తీసుకోండి, పర్లేదు. అరచేతిలో ఇమిడే రెండు ఇనుప ముక్కలు. ఒకదానికి వీ ఆకారంలో మొన, రెండోదానికి అదే ఆకారంలో గాడి. కలిపి ట్యూబులైటు కేసి పట్టుకోండి. అతుకులో వెలుతురు కనిపిస్తోందా? కనిపించదు. కనిపించి ఉంటే ఈ బల్ల మీదికి వచ్చేది కాదు.

దీన్ని ఏ మెషీనూ కొయ్యలేదు. సుద్ద పూసి, స్క్రైబరుతో గీత గీసి, గీత చెరిగిపోకుండా పంచితో చుక్కలు కొట్టి, బెంచి వైసులో బిగించి, హ్యాక్సాతో కోసి, ఆ తర్వాత గంటల తరబడి ఫైలు పట్టారు. ఫైలు ముందుకు తోసేటప్పుడే బరువు వెయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు వేస్తే పళ్ళు అరిగిపోతాయి. చెయ్యి ఊగిందంటే అంచు గుండ్రమైపోతుంది, ఇక ట్రై స్క్వేరు పెడితే కింద సందు కనిపిస్తుంది. ఇనప రజను పళ్ళలో ఇరుక్కోకుండా ఫైలుకి సుద్ద రుద్దుకోవాలి. ఇదంతా పుస్తకంలో ఉంటుంది. చేతికి రావడానికి మాత్రం మాస్టారు పక్కన నిలబడి, మణికట్టు పట్టుకుని చూపించాలి. వెర్నియర్ కాలిపర్‌తో 0.02 మిల్లీమీటర్ల తేడా పట్టుకోవచ్చని తెలిసిన పిల్లవాడు ఆ తర్వాత ఏ పనినీ ‘సుమారుగా’ అని వదిలెయ్యలేడు.

మైకులో పేర్లు మొదలయ్యాయి, పదండి. డెబ్బై అయిదు శాతం దాటి డిస్టింక్షన్‌లో పాసైనవాళ్ళు. ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాళ్ళు. కొందరు అక్కడ సెలవు పెట్టి మరీ వచ్చారు. రైల్వేలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగం వచ్చిన కుర్రాడు ఇస్త్రీ చొక్కాలో మెట్లెక్కుతుంటే వెనక వరసల్లో ఈలలు. ఇంటర్‌లో చేరలేనివాళ్ళే పాలిటెక్నిక్‌కి వెళ్తారన్న చిన్నచూపు మన ఊళ్ళలో ఇంకా ఉంది. అలా అనుకునేవాళ్ళని ఇవాళ ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపిస్తుంది నాకు. పద్దెనిమిదేళ్ళకే డ్రాయింగు చదివి, దాన్ని ఇనుములోనో కాంక్రీటులోనో నిలబెట్టగలిగిన పిల్లలు వీళ్ళు.

స్టాఫ్‌లో ఇద్దరికి సన్మానం. ఒకరు ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ పూర్తిచేసిన లెక్చరర్. ఇంకొకరు ఎలక్ట్రికల్ ల్యాబ్ అటెండర్. ల్యాబ్‌లో కాలిపోయిన త్రీ ఫేజ్ మోటారుకి ఆయనే రీవైండింగ్ చేసి మళ్ళీ తిప్పారు. పీహెచ్‌డీకి పడినంత గట్టిగానే ఆ మోటారుకీ చప్పట్లు పడ్డాయి. పడాల్సిందే.

మెకానికల్ ఫస్టు ఒక అమ్మాయి. వాళ్ళమ్మ కొబ్బరి పీచు మిల్లులో పనిచేస్తుంది. మూడో వరసలో కూర్చుని, కూతురి పేరు వినగానే లేచి నిలబడింది, కూర్చోవడం మరిచిపోయింది. అమ్మాయి మెమెంటో అందుకుని దిగిపోకుండా మైకు దగ్గరికి నడిచింది.

“మొదటి ఏడాది నా జాబు మూడుసార్లు స్క్రాపులో వేయించారు మా వర్క్‌షాపు మాస్టారు. నాలుగోసారి పక్కన నిలబడి చేయించారు. ఆయన పైకి రావాలి సార్.”

అందరూ వెనక్కి తిరిగారు. మాస్టారు మన పక్కనే, షెడ్డు తలుపు దగ్గర ఉన్నారు. ఖాకీ కోటు, జేబులో స్టీలు స్కేలు. “నాకెందుకమ్మా, మీ కార్యక్రమం కానివ్వండి” అంటున్నారు. పాత స్టూడెంట్లు ఇద్దరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆయన అడుగు వెయ్యగానే వేదిక కింద మొదలైన చప్పట్లు ఎక్కడా తగ్గలేదు. మీరూ కొడుతున్నారు కదూ, కొట్టండి.

ప్రిన్సిపాల్‌గారు తన భుజాన ఉన్న శాలువా తీసి ఆయనకి కప్పారు. అమ్మాయి వాళ్ళమ్మ మెట్ల దాకా వచ్చి కిందినించే దణ్ణం పెట్టింది.

“ఉంటానయ్యా, ఒక్క మాట,” మైకుకి బాగా దగ్గరగా వంగి అన్నారు మాస్టారు. “రేపు ఫస్టియర్ బీ బ్యాచికి ఫిట్టింగ్. బూట్లేసుకుని రండి. చెప్పులతో వస్తే షెడ్డులోకి రానివ్వను. మొదటి జాబు పాడైతే ఏడవకండి, ముక్క ఇంకోటిస్తాను.”

ఈలలు, నవ్వులు ఇంకా సద్దుమణగకుండానే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి పేర్లు చదవడం మొదలుపెట్టారు.