దంతధావనమునందు మఱచిన సగము

వేపయో కానుగయో లేతకొమ్మ నొకదానిని విఱిచి, కొసను నమిలి కుంచెగా జేసి, పండ్లు తోముకొనిన పిమ్మట ఆ పందుంపుల్లనే నిలువున రెండుగా చీల్చి, బద్దను వంచి నాలుక గీచికొని పాఱవేయుట మన పల్లెలలో తరతరముల నిత్యకృత్యము. ఏనాటి కుంచె ఆనాటిదే యగుట యీ యాచారమునందలి గొప్ప గుణము.

దీనికి శాస్త్రాధారము మిక్కిలి ప్రాచీనమైనది. దంతకాష్ఠము పండ్రెండంగుళముల నిడివియు, చిటికెనవ్రేలి లావును గలిగి, కణుపులును తొఱ్ఱలును లేక తిన్ననిదై యుండవలెననియు, చేదునందు వేప, వగరునందు చండ్ర, తీపియందు ఇప్ప, కారమునందు కానుగ శ్రేష్ఠములనియు, ఒక్కొక్క పంటిని మెత్తని కుంచెతో చిగుళ్ళు నొవ్వకుండ తోమవలెననియు సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున విధించినది. అజీర్ణము, శ్వాస, వాంతి మున్నగు బాధలు గలవారికి పుల్లను నిషేధించుట చూడగా, ఆ వైద్యుల పరిశీలన యెంత సూక్ష్మమో తెలియగలదు.

అయినను నాకు అంతకంటె విలువైనదిగా తోచునది దంతశర్కరను గూర్చిన విధి. దంతశర్కర యనగా మనము గార యనునదియే. వైద్యుడు చిగుళ్ళకు హాని కలుగనీయక దానిని పెకలించి, పిదప లక్కపొడిని తేనెతో కలిపి యచ్చోట రుద్దవలెనట. ఈ పనికై దంతశంకువను ప్రత్యేకమగు పనిముట్టు కూడ నుండెను. పంటిపై పేరుకొనిన మెత్తని పాచి లాలాజలమునందలి ఖనిజములతో గట్టిపడి గార యైన పిదప పుల్లకు గాని, నేటి బ్రష్షుకు గాని లొంగదు. దానిపై మఱల పాచి చేరి చిగుళ్ళు వాచును, క్రమముగా పంటిని పట్టియున్న యెముక క్షీణించును, తఱచుగా ఇదంతయు నొప్పి తెలియకుండనే జరిగిపోవును.

పుల్లను నిలుపుకొన్న మనము వైద్యుని చేతిని మాత్రము మఱచితిమి. పన్ను పుచ్చి రాత్రి నిద్ర పట్టనినాడు లవంగము నొక్కిపెట్టుట, అదియు పనిచేయనినాడు పీకించుకొనుట, ఇంతియే మనవారెఱిగిన దంతవైద్యము. 1920లో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు కలకత్తాలో దేశమునకు తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. వైద్యులు వచ్చిరి గాని, బాధ లేనినాడు వారికి పండ్లు చూపించుకొను వాడుక రాలేదు.

గార తీయించిన పండ్లు వదులగునను భయము నేటికిని పెద్దలలో వినబడుచున్నది. ఎముక క్షీణించుటచే ముందే వదులైన పంటిని గట్టిపడిన గార ప్రక్కపండ్లతో కలిపి పట్టియుంచును. అది తొలగినప్పుడు బయటపడునది పాత వదులే.