జావా బొమ్మ, దాని సస్తా చాదర్

1977 మే నెలలో 'స్టార్ వార్స్' సినిమా వచ్చాక అమెరికా పిల్లలు దాని బొమ్మల కోసం జిద్ పట్టారు. సిన్సినాటీలోని కెన్నర్ కంపెనీ దగ్గరేమో బొమ్మలు తయారు కాలేదు. హుషార్ మనుషులు, ఆ క్రిస్మస్‌కి బొమ్మల్లేని ఖాళీ అట్ట అమ్మారు! లోపలి కాగితం పోస్టులో పంపితే నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయని వాదా. 1978లో పంపించారు కూడా లెండి.

ఆ ఏడాది వచ్చిన మొదటి పన్నెండు బొమ్మల్లో జావా అనే పొట్టివాడు ఒకడు. మొదట వాడికి వినైల్ చాదర్ కప్పారు. పెద్ద బొమ్మల ధరే దీనికీ పెట్టి, పైన ఈ ప్లాస్టిక్ ముక్కా! మరీ సస్తాగా కనబడుతోందని కొద్దికాలానికే గుడ్డ చాదర్ వేశారు. ఇప్పుడు గుడ్డ జావా సులువుగా దొరుకుతాడు. షౌకీన్లు వేల డాలర్లు పోసేది ఆ సస్తా ప్లాస్టిక్‌కే.

నకిలీ బేరమూ అక్కడే పుట్టింది. అదే వరసలోని బెన్ కెనోబీ బొమ్మ వినైల్ చాదర్ కత్తిరించి జావాకి తొడుగుతారు. బొమ్మ అసలీ, ప్లాస్టిక్ అసలీ, జోడీయే ఝూటా! అంచున కత్తెర జాడ వెతకాలి. అట్టమీద సీలు తెరవని బొమ్మకి షక్ తక్కువ, ఖీమత్ ఎక్కువ. అయితే అట్ట మూల మడతపడినా, ప్లాస్టిక్ పసుపెక్కినా ఆ ఖీమత్ దిగిపోతుంది.

బోబా ఫెట్ సంగతి మరీ అజీబ్. వీపుమీది రాకెట్ ఎగిరేలా నమూనాలు చేసి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న ఖౌఫ్‌తో అమ్మకుండా ఆపేశారు. దుకాణం ముఖం చూడని ఆ నమూనాల్లో ఒకటి 2024 వేలంలో 5,25,000 డాలర్లు పలికింది.