కాస్టా: జాతిపుంజు నుంచి కుల సర్టిఫికెట్ దాకా



సంక్రాంతికి తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ బరి దగ్గర నిలబడ్డా ఒక మాట వినపడుద్ది: "ఇది జాతిపుంజండీ!" ఒంగోలు గిత్తకీ అదే మాట. కోడికీ పశువుకీ వాడే ఆ మాటనే మనిషికీ తగిలించేశాం.

ఇది మనొక్కళ్ళ అలవాటే కాదు. స్పెయిన్‌లో బాగా పోరాడే ఎద్దుని "కాస్టా ఉన్న ఎద్దు" అంటారు. పోర్చుగల్‌లో ద్రాక్ష రకాన్ని ఈరోజుకీ కాస్టా అనే పిలుస్తారు. కాస్టా అంటే వంశం, సంతతి, రకం. "స్వచ్ఛం" అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిందని కొందరు, గోతిక్ భాష నుంచి వచ్చిందని ఇంకొందరు. పుట్టుక ఏదైనా, దానికి రక్తం వాసన మాత్రం త్వరగానే అంటింది. 1449లో టొలేడో నగరంలో ఒక శాసనం చేశారు. యూదు మతం వదిలి క్రైస్తవులైనవాళ్ళకీ, వాళ్ళ వారసులకీ నగర పదవులు ఇవ్వకూడదన్నారు. బాప్తిస్మం నీళ్ళు రక్తాన్ని కడగలేవన్నమాట!

1510లో గోవా పట్టుకున్న పోర్చుగీసువాళ్ళు ఇక్కడి అంతరాలు చూసి, తమ దగ్గరున్న ఆ మాటే పెట్టారు. వర్ణం, జాతి, కులం అని మనం విడివిడిగా అనేవన్నీ ఆ ఒక్క సంచిలో పడ్డాయి. అది ఇంగ్లీషులో "క్యాస్ట్" అయి, జనాభా లెక్కల కాగితాలెక్కింది. అంటే కులాన్ని తెల్లోడు కనిపెట్టాడని కాదు. మాట వాళ్ళది, వెలివాడ మనది. ఊరి చివర మా పేటలు ఏ ఓడలోనూ దిగుమతి కాలేదు.

ఇటునుంచీ ఒక మాట అటు వెళ్ళింది. పఱై డప్పు పేరు మోసే తమిళ దళితుల కులం పేరే యూరప్ భాషల్లో "పరియా" అయింది. స్పానిష్‌లో "పారియా" అంటే ఇప్పటికీ వెలివేయబడినవాడనే. వాళ్ళు మనకి కాస్టా ఇచ్చారు, మనం వాళ్ళకి పారియా ఇచ్చాం. ఎంత గొప్ప బేరం!

ఇక మన సంగతి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని మతంతో ముడేసింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. క్రైస్తవ దళితులకి తియ్యలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి. టొలేడోలో మతం మారినా రక్తం మారదన్నారు. ఇక్కడ ఊరు ఆ మాటే అంటది, ఆఫీసు మాత్రం మతం మారితే కులం పోయిందంటది. రెండుచోట్లా నష్టపోయేది బాప్తిస్మం తీసుకున్నవాడే.

కొల్లేరు లంక నుంచి వచ్చే ఒక విద్యార్థి మొన్న స్కాలర్‌షిప్ కాగితాలు నింపుతూ నా చెవిలో అన్నాడు: "సార్, మా అమ్మ ఆదివారం చర్చికెళ్తదని ఎక్కడా అనకండి."

వాళ్ళమ్మ ఏ గుడికెళ్ళినా, ఏ చర్చికెళ్ళినా, సాయంత్రం తిరిగొచ్చేది ఆ పేటకే. ఆ దారి మారనంతకాలం ఈ మాట ఏ భాషలో అన్నా అర్థం ఒకటే.

జై భీమ్.