అత్యాచార ప్రతీకార చిత్రాలు

స్త్రీపై జరిగిన లైంగిక హింసను కథకు మూలంగా, ప్రతీకారాన్ని ముగింపుగా చేసుకునే యాక్షన్ చిత్రాలు. మామూలు యాక్షన్ సినిమాల్లో ఈ హింస కథానాయకుడికి కోపం తెప్పించే సాధనమే. చెల్లెలో ప్రియురాలో బలైతే, ఆ తర్వాతి కథంతా అతడిదే. ఈ కోవలో కత్తి స్త్రీ చేతికే వస్తుంది.

హిందీలో బి.ఆర్. చోప్రా తీసిన 'ఇన్సాఫ్ కా తరాజూ' (1980) పేరొందింది. అమెరికన్ చిత్రం 'లిప్‌స్టిక్' (1976) దీనికి ఆధారం. అన్యాయాన్ని ఖండిస్తూనే అత్యాచార దృశ్యాన్ని ప్రేక్షకుడి కంటికి విందు చేసిందన్న విమర్శ దీనికి తప్పలేదు. ఆ విమర్శ సబబే.

తెలుగులో ముఖ్యమైనది టి. కృష్ణ 'ప్రతిఘటన' (1985). విజయశాంతి పోషించిన అధ్యాపకురాలు ఝాన్సీని రౌడీ కాళి నడివీధిలో వివస్త్రను చేస్తాడు. సినిమా బలం చివరి గొడ్డలి వేటులో కంటే తరగతి గదిలో ఉంది: తనను ఎగతాళి చేసిన విద్యార్థుల ముందు ఆమె పాడే వేటూరి పాట, చూస్తూ ఊరుకున్న సమాజాన్నే నిలదీస్తుంది. అయినా ఆ అవమానాన్ని అంతసేపు తెరపై చూపాలా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎన్. చంద్ర 1987లో ఈ చిత్రాన్ని 'ప్రతిఘాత్'గా హిందీలో తీశారు.